మలక్‌పేట దాకా ఒక నవల

పొద్దంతా నేను పళ్లు చేస్తాను.
ఎస్సార్ నగర్‌లో, రెండో అంతస్తులో, ఎవరెవరివో
మైనపు చిగుళ్ల మీద పై వరస, కింది వరస.
ఆ నోళ్లను నేనెప్పుడూ చూడను.
అవి ఏం మాట్లాడతాయో, ఎవరిని తిడతాయో తెలీదు.
అందుకేనేమో, ముఖం తెలియని ఒక గొంతు
నా చెవిలో నవల చదువుతుంటే
కొత్తగా అనిపించలేదు.

నెలకు నూట తొంభై తొమ్మిది కట్టి
కొని తెచ్చుకున్న ఏడుపు ఇది.
మా ఫసీ సాబ్ నవ్వుతాడు:
"జీతమిచ్చేది నేను, ఏడిపించేది వాళ్లా?"
ఏం చెప్పను.
ఉప్పూ కారం అద్దిన పుల్ల మామిడి ముక్క
కళ్లలో నీళ్లు తెప్పిస్తున్నా
చెయ్యి మళ్లీ పొట్లంలోకే పోతుంది కదా, అలా.

మా చెల్లెలు ఒకటింబావు వేగంతో వింటుందట,
రెండు రోజులకో పుస్తకం ఒడగొడుతుందట.
నాకు చేతకాదు.
అన్నం ఆరబెట్టుకుని తినే రకం నేను.

కథ చిన్నదే.
కేదార్‌కి చెవులు పోతున్నాయి. హిమజకి తెలీదు.
వానలో, రేకుల షెడ్డు కింద, అతని వీపు వైపు నిలబడి
చెప్పేస్తుంది, పదకొండేళ్లుగా దాచుకున్న మాట.
అతను తిరగడు. గొడుగు దులుపుతాడు.
"వాన తగ్గింది, పోదామా" అంటాడు.

ఆ ఒక్క వాక్యం దగ్గర
చదివే ఆమె గొంతు కాస్త పట్టుకుంది.
గుటక మింగిన చప్పుడు కూడా వినిపించింది.
ఎందుకో దాన్ని కత్తిరించకుండా వదిలేశారు.
వాళ్లకు నా దండం.
పదిహేను సెకన్లు వెనక్కి, మళ్లీ పదిహేను వెనక్కి,
నాంపల్లి నుంచి గాంధీభవన్ దాకా
కేదార్ చేత ఆరుసార్లు గొడుగు దులిపించాను,
ఒక్కసారైనా వింటాడేమోనని.

ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర ఎక్కిందామె.
ఎక్స్‌రే కవరు, వంగకుండా, రొమ్ముకి ఆనించి.
నా పక్క సీటే ఖాళీ. కాసేపు చూసింది.
"ఏమైంది బిడ్డా? ఎవలన్న పోయిన్రా?"
"లేదమ్మా, కథ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.
"కథకా?"
నవ్వుతుందనుకున్నాను. చెయ్యి చాపింది.
"ఏదీ, గింత నాకూ పెట్టు."

ఒక ఇయర్‌బడ్ ఆమెకు, ఒకటి నాకు.
రెండు స్టేషన్లు, అంతే దారి.
కింద మూసీ చీకట్లో ఉంది, వాసనే చెప్పాలి ఉందని.
హిమజ ఉత్తరం చింపి మళ్లీ అతికిస్తున్న చోటు.
ఆమె కళ్లు మూసుకుని వింది.
మధ్యలో "అయ్యో పిచ్చిదానా" అంది
పెట్టె పెట్టెంతా వినబడేలా.
ఎదురు సీటు కుర్రాడు ఫోన్లోంచి తలెత్తాడు.

కేదార్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాను.
"చెవుడైతే ఏమాయె? చెప్పొద్దా?
మా ఆయనకు ఎడమ చెవు ఎన్నడో పాయె.
ముప్పై ఆరేండ్లు కుడిపక్కకే నడిచిన.
గంతే గద."

మలక్‌పేట.
బడ్‌ని కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది.
ఎక్స్‌రే ఎవరిదని నేను అడగలేదు.
ఆమె మాత్రం ప్లాట్‌ఫారం మీద ఆగి, వెనక్కి తిరిగి
"ఆఖరికి కలుస్తరా?" అంది.
తెలీదని తల ఊపేలోపు
తలుపులు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఇంటికి పోకుండా
బత్తాయిల బండి పక్కన నిలబడ్డాను.
ఇంకా నలభై రెండు నిమిషాలుంది పుస్తకం.
ఆపేద్దామా అనుకున్నాను. రేపు ఇదే వేళకి, అదే పెట్టెలో...
పిచ్చి. ఆమె మళ్లీ ఏ రోజు ఆసుపత్రికి వస్తుందో,
రావలసిన పని ఉంటుందో ఉండదో.

ఎడమ చెవిలో బడ్ తీసి
కుడి చెవికి పెట్టుకున్నాను.
ఆ గొంతు ఊపిరి తీసుకుంది,
పదిహేనో అధ్యాయం అంది.